సెల్లారు గోడ తడి

మేస్త్రీ సెల్లారు గోడకి అంటించిన ప్లాస్టిక్ షీటును ఊడబెరికాడు. దాని లోపలివైపు నీటి బొట్లు దట్టంగా పట్టి ఉన్నాయి.

"గదిలో చెమ్మయితే షీటు పైన పట్టాలి సార్. ఇది గోడలోంచే వస్తోంది. బయట ఎక్కడో నీళ్ళు దిగుతున్నాయి."

"వానలే లేవుగా?" అన్నాడు ఇంటాయన, సంతోషం మొహంలో కనపడనీయకుండా.

ఈ గది ఆరిన మర్నాడే బావమరిది పెట్టే బేడా సర్దుకుని దిగిపోతాడు. కిందటిసారి నాలుగు రోజులని వచ్చి చలికాలమంతా ఉన్నాడు. మిట్టమధ్యాహ్నం లేవడం, ఫ్రిజ్ ఊడ్చిపెట్టడం వరకూ ఇంటాయన సర్దుకుపోయాడు. కానీ ఆయన ప్రార్థనకి కూర్చోగానే పక్కన చేరేవాడు.

"బావా, దేవుడికి అన్నీ తెలుసంటావు. మళ్ళీ రోజూ చెప్పడమెందుకు?"

ఇంటాయనకి కళ్ళు మూసుకుంటే దేవుడికి బదులు బావమరిదే కనపడటం మొదలైంది.

బయట తవ్వి చూస్తానన్నాడు మేస్త్రీ. తన మొక్కలు చస్తాయని ఇంటాయన భార్య ఒప్పుకోలేదు. ఎన్నిసార్లు పూసినా నిలవని పనీ ఒక పనేనా అని మెట్ల మీదినుంచే అతన్ని దులిపేసింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"మా తమ్ముడు రావడం మీకు ఇష్టం లేనట్టుంది."

"నాకేం? గోడ ఆరాలని రోజూ దేవుణ్ణి అడుగుతూనే ఉన్నా."

ఆయన అడుగుతున్నది ఆరకూడదని. ఇలాంటివి కోరుకోవచ్చా అని మొదట్లో జంకాడు. నష్టం ఒక్క గోడకే కదా అని సర్దిచెప్పుకున్నాడు.

ఈసారి మేస్త్రీ గోడలోని పగులును వెడల్పుగా చెక్కి, సిమెంటు కూరి, పైన వాటర్‌ప్రూఫ్ మందు దట్టంగా పూశాడు. ఇక చుక్క కారితే మీసం తీయించుకుంటానని వెళ్ళాడు. గోడ నిజంగానే ఆరింది. ఆదివారం వస్తున్నానని బావమరిది ఫోన్ చేశాడు. ఇంటాయనకి ముద్ద దిగలేదు. శనివారం పొద్దున ఆయన ప్రార్థన ఎంతకీ తెమల్లేదు.

సాయంత్రం కిందికి వెళ్ళి చూస్తే గోడంతా తడి, నేల మీద మడుగు.

ఆయన కళ్ళు చెమర్చాయి. మోకాళ్ళ నొప్పి గురించి ఏళ్ళ తరబడి మొరపెట్టుకున్నా పలకని దేవుడు, బావమరిది అనగానే పలికాడేమిటని చిన్న సందేహం వచ్చింది. వెంటనే లెంపలేసుకున్నాడు. మొహం వీలైనంత వేలాడేసుకుని పైకి వెళ్ళి సంగతి చెప్పాడు.

భార్య కూలబడిపోయింది. పాపం, తమ్ముడి రాత అంతేనంది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"వాడికి మీరే చెప్పండి. నా నోటితో రావద్దని ఎలా అంటాను?"

ఇంటాయన గొంతులో దిగులు నింపుకుని ఫోన్ అందుకున్నాడు. అవతల బావమరిది ఉసూరుమనడం విన్నాక భార్య పెరట్లోకి నడిచింది.

గోడ పక్క మట్టిలోకి తను దిగేసిన రబ్బరు గొట్టానికి నీళ్ళొచ్చే కుళాయి కట్టేసింది.