ఖాళీ బుడగలు

ఆ పిల్ల నోరు విప్పలేదు. అచ్చయి వచ్చిన తన బొమ్మల నవలని బల్ల మీద పెట్టి, పన్నెండో పేజీ తీసి, వేలు పెట్టి చూపించింది. పక్కనే తను మొదట ఇచ్చిన బొమ్మల జిరాక్సు పరిచింది. రెండింట్లోనూ అదే కాలేజీ క్యాంటీను, చేతిలో పళ్ళెంతో బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ అదే కొత్త స్టూడెంటు. తేడా ఒక్కటే. జిరాక్సులో ఆమె తల దగ్గరి మాటల బుడగ ఖాళీ. అచ్చులో బుడగ నిండా మాటలు.

ఆ మాటలు అక్షరాలమ్మవి. ఆ నవల వేసిన పబ్లిషరు దగ్గర బొమ్మల పుస్తకాలన్నిటికీ బుడగల్లో చేత్తో అక్షరాలు రాసేది ఆవిడే. అసలు పేరు ఆవిడకే గుర్తుందో లేదో.

"ఖాళీగా వదిలేస్తే ఎలా తల్లీ?" అంది. "ఒకటా రెండా, నూట తొమ్మిది బుడగలు. అందరూ మాట్లాడుతుంటే నీ స్టూడెంటొక్కతే బెల్లం కొట్టిన రాయిలా ఉంది. మర్చిపోయావనుకున్నా. ప్రెస్సువాడు నెత్తిన కూర్చున్నాడు. నాకు తోచింది రాసేశా."

పిల్ల జిరాక్సు పేజీలు తిప్పింది. హాస్టలు గది, ఖాళీ. క్లాసు, ఖాళీ. కిక్కిరిసిన సిటీ బస్సు, ఖాళీ. చివరి పేజీలో మళ్ళీ క్యాంటీను. కిటికీ పక్కన ఒంటరిగా తింటున్న ఇంకో అమ్మాయి, ఆమె ఎదురుగా మన స్టూడెంటు. అక్కడ మాత్రం బుడగలో పిల్ల సొంత చేతిరాత, ఒకే ఒక్క మాట.

'కూర్చోనా?'

అక్షరాలమ్మ ఆ మాటని బుడగలు నింపేటప్పుడూ చూసింది. ఈ ఒక్కటీ రాసి మిగతావి మర్చిపోయిందనుకుంది. ఇప్పుడు కళ్ళద్దాలు తుడుచుకుని చూసింది. కాలేజీలో ఏడాదంతా ఆ స్టూడెంటు గొంతులో ఇరుక్కున్న మాట అది. నూట తొమ్మిది ఖాళీలు మోసుకొస్తేనే దానికి బరువు. తను దంచిన కబుర్ల చివర ఇప్పుడది బస్సులో ఎవరో సీటడిగినట్టుంది.

వాగేవాళ్ళకి ఎదుటివాళ్ళ మౌనం ఎప్పుడూ ఖాళీ జాగాలాగే కనిపిస్తుంది. నింపేస్తారు. పైగా మంచి మనసుతో నింపుతారు, అదీ దరిద్రం.

తప్పు తెలిసొచ్చేసరికి ఆవిడ గొంతు తగ్గలేదు, పెరిగింది.

"నువ్వయినా చెప్పొద్దటే? అచ్చుకి పోకముందు మూడుసార్లు వచ్చావు. ఇదే స్టూలు మీద కూర్చున్నావు. నీ చదువు సంగతీ, నా మోకాళ్ళ సంగతీ ఎన్ని కబుర్లు చెప్పుకున్నాం. పని ఎంతవరకొచ్చిందో చూడ్డానికొచ్చావనుకుని, 'దిగులు పడకు, అంతా నేను చూసుకుంటా' అని గుమ్మం దాకా వచ్చి సాగనంపానే. ఒక్క ముక్క అని ఉంటే నా చెయ్యి ఆగేది కదా."

 పిల్ల జిరాక్సు కాగితం ఒకటి వెనక్కి తిప్పి, పెన్సిలు తీసి గబగబా గీసింది. ఆవిడ ముందుకి తోసి, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

కాగితం మీద మూడు గడులు. మూడింట్లోనూ ఇదే గది, ఇదే స్టూలు మీద పిల్ల, గడి పట్టనంత బుడగతో అక్షరాలమ్మ. ఆ పెద్ద బుడగ కింద నలిగిపోతూ పిల్లది ఓ చిన్న బుడగ.

మొదటి గడిలో పిల్ల బుడగ, 'అమ్మా, ఆ ఖాళీ బుడగలు'. రెండో గడిలో, 'అమ్మా'.

మూడో గడిలో ఖాళీ.