తప్పులు పట్టే గిరాకీ

మొదటి జవాబు పొద్దున్నే వచ్చింది.

"నమస్కారం. బ్రాకెట్లో 'పేరు' అని రాశారు. అది నా పేరు కాదండీ."

కుళాయిల కొట్టాయన ఫోను తీసుకెళ్లి కూతురి ముందు పెట్టాడు.

"ఏమిటే ఇది?"

కూతురు నాలుక్కరుచుకుంది. కాలేజీలో ప్రోగ్రామింగు పాఠాలు ఇప్పుడిప్పుడే మొదలయ్యాయి. పాత బిల్లుల్లో ఉన్న పేర్లూ మెయిల్ అడ్రసులూ ఒక ఫైల్లోకి ఎక్కించి, ఒక్క మీట నొక్కితే అందరికీ ఉత్తరం వెళ్లేలా రాసింది.

"వాక్యం ముందు ఒక అక్షరం పెట్టాలి నాన్నా, మర్చిపోయా. అది లేకపోతే కంప్యూటరు పేరు తెచ్చి అక్కడ పెట్టదు."

"అయితే అందరికీ ఇలాగే వెళ్లిందా?"

"అందరికీ."

"బోణీ బాగుందమ్మా! ఊళ్లో ప్లంబర్లందరికీ ఒకే పేరు పెట్టేశాం."

నవ్వాడు గానీ, నవ్వే పరిస్థితి కాదు. ఎదురుగా ఇంకో పెద్ద కుళాయిల కొట్టు వచ్చిన దగ్గర్నుంచి ఇటు తిరిగే మొహాలు తగ్గాయి. ఉంటావో ఖాళీ చేస్తావో నెలాఖరుకల్లా తేల్చమన్నాడు గది ఓనరు. పాత గిరాకీలో సగం వెనక్కొచ్చినా కొట్టు నిలుస్తుంది. రాకపోతే ఈ వయసులో ఇంకొకడి కొట్లో కుళాయిలు అమ్మాలి.

"ఇంతకీ ఈ పెద్దమనిషెవరు?"

కూతురు ఫైలు చూసింది. "పేరు లేదు. నువ్వే 'రేట్లడిగినాయన' అని రాసుకున్నావు."

"ఓహో, ఆయనా! మెయిల్లో రేట్లన్నీ అడుగుతాడు. ఒక్క వాషరు కొన్న పాపాన పోలేదు."

కూతురు తప్పు దిద్ది మళ్లీ పంపింది.

జవాబు ఆయన దగ్గర్నుంచే వచ్చింది.

"ఈసారి 'రేట్లడిగినాయన' అన్నారు, ఒప్పుకుంటాను. కానీ నేను పై వరుసలో ఉన్నాను, 'గారు' కింది వరుసలోకి జారారు. మా ఇద్దరినీ కలపండి."

కూతురు పకపకా నవ్వింది. "ఫైల్లో ప్రతి పేరు చివరా తర్వాతి మాటని కింది వరుసకి నెట్టే కనబడని గుర్తు ఒకటుంటుంది నాన్నా. దాన్ని కత్తిరించాలి. భలే పట్టాడు!"

"పట్టడం సరే, కొనడం ఎప్పుడు?"

"చెప్పింది నిజమే కదా?"

"నిజమే. కొనేవాడు సరుకు చూస్తాడు, కొననివాడు వంకలు చూస్తాడు. వంకలు నా కొట్లో కావలసినన్ని ఉన్నాయి, అరువు అక్కర్లేదు. వాడి ఉత్తరాలు నా కంటపడకుండా చెయ్యి."

కూతురు తటపటాయించింది. తర్వాత ఆ అడ్రసు నుంచి వచ్చేవన్నీ పక్కకు పోయేలా చేసింది.

వారం వారం ఉత్తరాలు వెళ్లాయి. పేరు పక్కనే గారు, కింద తగ్గింపు ధరలు, తప్పు లేని ఉత్తరాలు. ఒక్కరూ పలకలేదు. కొట్టాయన ఫోను చూసి వీధి చూసేవాడు, వీధి చూసి ఫోను చూసేవాడు. రెండూ ఖాళీయే.

నెలాఖరున తలుపులు బార్లా తీసి, సరుకంతా పాత ఇనప సామాన్లవాడికి చూపించాడు.

"విడిగా అమ్మితే కుళాయి. తూకానికి అమ్మితే ఇత్తడి. అంతే తేడా," అన్నాడు కూతురితో.

బస్తాలు బండికెక్కుతుంటే పాత ప్లంబరు ఒకడు సైకిలాపాడు.

"అదేంటి బాబాయ్! మాట మాత్రం చెప్పకుండా మూసేస్తున్నారా?"

"చెప్పకపోవడమేంట్రా? వారం వారం రాస్తూనే ఉన్నాంగా. తగ్గింపు ఇస్తామన్నా పలికిన పాపాన పోలేదు మీరు!"

"నాకా? ఎప్పుడు?"

కూతురు అతని ఫోను తీసుకుని వెతికింది. పనికిరాని ఉత్తరాల గుట్టలో, ప్రకటనల మధ్య, అన్నీ ఉన్నాయి. ఒక్కటీ తెరిచి లేదు.

"ఒక్కసారే అంతమందికి గుప్పించాను నాన్నా." ఆమె అతని ఫోను తిరిగిచ్చేసింది. "చెత్త అనుకుని అందరి ఫోన్లూ పక్కన పడేశాయి."

"ముందే తెలిస్తే వచ్చేవాణ్ణి కదా బాబాయ్," అన్నాడు ప్లంబరు. సైకిలెక్కి వెళ్లిపోయాడు.

"ఇంతమందిలో ఒక్కడికీ తెలియలేదా ఈ సంగతి?" అన్నాడు కొట్టాయన.

కూతురు ఏదో తట్టినట్టు, తను పక్కకు నెట్టిన ఉత్తరాలు తెరిచింది.

"మీ ఉత్తరాలు చెత్తలో పడుతున్నాయి. నేను వెతికి తీస్తున్నాను, అందరూ వెతకరు. ఒక్కొక్కటే ఆగి ఆగి పంపమనండి అమ్మాయిని."

దాని తర్వాతది: "ఇంకా చెత్తలోనే ఉన్నాయి. త్వరగా చూడండి."

ఆ తర్వాతది: "నెలాఖరు దగ్గరపడుతోంది."

"రాసేది అమ్మాయని ఆయనకెలా తెలుసు నాన్నా?"

కొట్టాయన ఫోను అందుకున్నాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తనే జవాబు కొట్టాడు. "అయ్యా, తమరెవరు? ఏమీ కొననివారికి మా మీద ఇంత శ్రద్ధ దేనికి?"

బండి కదిలింది. ఎదురు కొట్టువాడు ఇవాళ సంబరాలు చేసుకుంటాడని తిట్టుకుంటూ గల్లాపెట్టె భుజానికెత్తుకోబోయాడు.

జవాబొచ్చినట్టు ఫోను మోగింది.

"ఒక్క కొట్టున్న వీధికి ఎవరొస్తారండీ? అక్కడ అడిగి ఇక్కడ బేరమాడదామనే వస్తారు. మీకు జనం తగ్గిన కొద్దీ నాకూ తగ్గారు. ఎదురుపడి చెప్పడానికి మనకి మాటల్లేవు. మీరు నిలబడితే నేనూ నిలబడతాననుకున్నాను."

కొట్టాయన తలెత్తి చూసేసరికి, రోడ్డుకవతల ఎదురు కొట్టాయన ఫోను జేబులో పెట్టుకుని, పట్టపగలే తన షట్టరు దించుకుంటున్నాడు.