రీలు ఫొటోలో మనిషి

"జరగవయ్యా, ఫొటోకి అడ్డమొస్తున్నావు," అని బావమరిది కసరడం అప్పటికి మూడోసారి.

వంతెన మీద పాప రెయిలింగుకి వీపు ఆనించి నవ్వుతోంది. పక్కనే ముతక కోటు మనిషి ఒకడు అదే రెయిలింగు పట్టుకుని పాతుకుపోయాడు.

"పాప మీ దగ్గరికి వచ్చేశాక జరుగుతానండి," అన్నాడతను మెల్లగా.

ఫొటోలో పడాలని సరదా కాబోలని బావ విసుక్కున్నాడు. పానకంలో పుడకలా దాపురించాడీ మనిషి అనుకున్నాడు.

స్టూడియో నడిపే బావకు రీలు కెమెరా అంటే ప్రాణం. బావమరిదికి డిజిటల్ తప్ప మరొకటి ఆనదు. ఒకరు ఎడ్డెమంటే ఇంకొకరు తెడ్డెం. ఎవరి ఫొటో మేలో తేల్చుకోవాలని, ఒకే వెలుతురులో ఇద్దరూ పాపనే తీస్తున్నారు. తీర్పు చెప్పేది పాప తల్లి. ఆవిడ ఒకరికి భార్య, ఒకరికి అక్క.

చెరొకటి నొక్కారు. పాప పరుగెత్తుకొచ్చింది. వెనకనుంచి అతను "ఏమండీ" అని పిలిచాడు. డిజిటల్ కెమెరా తెర మీద బొమ్మ చూసుకుంటున్న వీళ్లు వెనక్కి తిరగలేదు.

ఆయన తన ఎర్ర మఫ్లరు తీసి రెయిలింగుకి కడుతున్నాడని పాప చెప్పింది. పిచ్చిమాలోకం అని ఇద్దరూ నవ్వుకున్నారు.

రీలు కడిగి, ప్రింటు వేసేసరికి రెండ్రోజులు పట్టింది. రెండు ఫొటోలూ బల్లమీదికి వచ్చాయి.

బావమరిది ఫొటో అద్దంలా ఉంది. అడ్డమొచ్చిన మనిషిని కంప్యూటర్లో చెరిపేశాడు. ఆ చోట రెయిలింగు కొత్తదానిలా వచ్చింది.

"నీ దాంట్లో వాడు అలాగే ఉన్నాడు బావా, పాపం."

"ఉండనీ. భూతద్దం పెట్టి చూడు, రెయిలింగు కమ్మీ మొదలు దగ్గర తుప్పు కూడా కనిపిస్తుంది."

భూతద్దం పాప తల్లి తీసుకుంది. తుప్పు చూద్దామని వంగిన మనిషి ఎంతసేపటికీ తల ఎత్తలేదు.

"ఈ కమ్మీ కింద రాయికి అతుక్కుని లేదు," అంది.

ముగ్గురూ వంగి చూశారు. కమ్మీ మొదలంటా తెగి గాల్లో ఉంది. బావమరిది తన ఫొటోలో చెరిపేసిన చోట, ఇందులో నరాలు ఉబ్బిన రెండు చేతులు దాన్ని బిగించి పట్టుకున్నాయి.

గట్టిగా చెబితే పాప బెదురుతుందని మెల్లగా చెప్పాడన్నమాట.

పెరట్లో ఆడుకుంటున్న పాపను తల్లి కేకేసి పిలిచి గుండెలకు అదుముకుంది. బావకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. కూలబడి, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

బావమరిది వంతెన దగ్గరికి పరుగెత్తాడు. మఫ్లరు అక్కడే ఉంది. పనివాళ్లు రెయిలింగు అతుకుతున్నారు. కమ్మీ తెగిందని ఎవరో ఒకతను వచ్చి చెప్పి వెళ్లాడట, పేరు చెప్పలేదట.

అక్కణ్నుంచి ఇంటికొచ్చాడు.

తనెంత కసిరినా ఆ మనిషి జరగలేదు కనకే, పాప ఇప్పుడు అమ్మ ఒళ్లో కూర్చుని జడ సరిగా వెయ్యలేదని పేచీ పెడుతోంది.