కంటి కొలత

పెద్దాయన షెడ్డులోకి ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు.

మేస్త్రి తల తిప్పేసరికి లారీ వెనక గొంతుక్కూర్చుని, ఇరుసు గొట్టానికి వేసిన వెల్డింగు మీద అరచెయ్యి పెట్టి నిమురుతున్నాడు. ఇంకా వేడిగా ఉంది, చెయ్యి కాలుతుంది అని మేస్త్రి కసిరినా తియ్యలేదు.

పాత చొక్కా, తెగిన చెప్పులు. పాతినుము ఏరుకునేవాడేమో అనుకున్నాడు మేస్త్రి.

ఆ లారీ మేస్త్రి తమ్ముడిది. దారంటూ లేని కొండమీది నుంచి రాళ్లు దింపుతుంది. ఏడాదిలో రెండుసార్లు వెనక ఇరుసు కుంగేసరికి, ఇక లాభం లేదని అన్న స్వయంగా నడుం బిగించాడు. లోపల తిరిగే షాఫ్టులు తీసేసి లావువి వేశాడు. వాటిని కప్పే గొట్టానికి అడుగున వేలెడు మందం పలక అతికించి, ఆ చివర నుంచి ఈ చివరకి వెల్డింగు పెట్టాడు. ఏనుగెక్కి తొక్కినా చెక్కు చెదరదని షెడ్డులో అందరికీ రెండేసి సార్లు చెప్పాడు కూడా.

"గొట్టంలో కడ్డీ దూర్చి చూశారా?" పెద్దాయన అడిగాడు.

మేస్త్రి పానాలు సర్దుకోసాగాడు. పెద్దాయన వదల్లేదు. ఒక పక్కే వెల్డింగు పడితే ఇనుము చల్లారేటప్పుడు అటు లాగేస్తుందట. గొట్టం వెంట్రుకవాసి వంగినా, లోపలి షాఫ్టు తిరిగిన ప్రతి చుట్టుకీ నలిగి నలిగి తెగుతుందట. అంతా ఊడదీసి, వంకర లేని కడ్డీ ఒకటి ఈ కొస నుంచి ఆ కొసకి పోతుందో లేదో చూడాలట. పూటంతా పట్టే పని.

మేస్త్రికి ఒళ్లు మండింది. ఇరవై ఏళ్లుగా ఆయన కన్నే కొలబద్ద. ఒక కన్ను మూసి చూశాడంటే ఏ వంకరా దాగదని పేరు. వదినని కూడా ఒక కన్ను మూసే చూసి ఒప్పుకున్నాడని తమ్ముడు ఏడిపిస్తుంటాడు.

"కోడిగుడ్డుకి ఈకలు పీకకు పెద్దాయనా. నీ దారిన నువ్వు పో."

పెద్దాయన చేతులు జోడించాడు. ఒక్కసారి చూడమన్నాడు. కావాలంటే బోల్టులన్నీ తనే ఊడదీస్తానన్నాడు. పనివాళ్లు నవ్వారు. వాళ్లు నవ్వేసరికి మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. పెద్దాయన మెడపట్టి రోడ్డు మీదికి గెంటాడు. ఆయన బోర్లా పడి, లేచి, మోకాలు దులుపుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే లారీకి అడ్డం నిలబడ్డాడు.

తమ్ముడు మెత్తనివాడు. బండాపి ఏం కావాలని అడిగాడు. కొండ దాకా తననీ ఎక్కించుకోమన్నాడు పెద్దాయన. వద్దని మేస్త్రి వెనక నుంచి అరిచాడు.

"పోనీలే అన్నయ్యా, దారిలో కబుర్లకి తోడుంటాడు."

మూడు రోజులు అలాగే గడిచాయి. తమ్ముడు తన క్యారేజీలోదే ఆయనకీ పెట్టేవాడు. నాలుగో రోజు మధ్యాహ్నం లారీ లోయలో పడిందని కబురొచ్చింది.

కొండెలా ఎక్కాడో మేస్త్రికే తెలీదు. తమ్ముడు రాతి మీద కూర్చుని ఉన్నాడు. చెయ్యి విరిగింది కానీ ప్రాణంతో ఉన్నాడు. మేస్త్రి అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

కబుర్లకన్న మాటే గానీ ఈ నాలుగు రోజుల్లో పెద్దాయన నోరు విప్పిందే లేదట. తల కిటికీలోంచి బయటపెట్టి, వెనక చక్రం చప్పుడు వింటూ కూర్చునేవాడట. ఇవాళ మలుపు ఎక్కుతుండగా బండాపి దిగెయ్యమన్నాడట. తమ్ముడు ఆపాడు గానీ, ఏమైందో చెప్పమంటూ సీట్లోనే ఉండిపోయాడు. అంతలో షాఫ్టు తెగింది. చక్రం ఊడింది. లారీ లోయ వైపు ఒరిగింది.

"నా మీదుగా చెయ్యి చాపి తలుపు తీశాడన్నయ్యా. రెండు కాళ్లతో నన్ను బయటికి తన్నాడు. ఆయన దిగడానికి టైము చాల్లేదు."

చక్రంతో పాటు రోడ్డు మీదే పడిన షాఫ్టు ముక్కని మేస్త్రి చేతిలోకి తీసుకున్నాడు. ఒక్క దెబ్బకి విరిగింది కాదది. తెగిన చోట చాలాభాగం నలిగి నలిగి నున్నగా అయిపోయి ఉంది. దాన్ని చూడటానికి ఆయనకి ఒక కన్ను మూయాల్సిన పని లేకపోయింది.

పెద్దాయన జేబులో ఏ కాగితమూ లేదు. శవాన్ని ఆసుపత్రిలో ఉంచారు. తినమన్నా తినకుండా, ఇంటికి రమ్మన్నా రాకుండా మేస్త్రి ఆ గది బయటే కూర్చున్నాడు. ఎవరూ రాకపోతే కొడుకులా తనే అన్నీ చేస్తానని అక్కడివాళ్లకి చెప్పాడు.

రెండో రోజు సాయంత్రం ఒకామె వచ్చింది. లారీవాళ్లు చెప్పుకుంటుంటే విందట. ముఖం మీది గుడ్డ తీసి చూసి, మా మామగారేనంది.

మేస్త్రి ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నా తమ్ముణ్ణి బతికించాడమ్మా. నేను మాత్రం ఆయన మాట వినలేదు. మెడపట్టి గెంటాను."

ఆమె ఆశ్చర్యపోలేదు. ఎక్కడ ఇరుసు పని జరుగుతోందని తెలిసినా వెళ్లేవాడంది. నాలుగేళ్లుగా ఇదే తిరుగుడట. గెంటించుకోని షెడ్డు లేదట.

"అంత పనిమంతుడు సొంత షెడ్డు పెట్టుకోలేదామ్మా?"

"ఉండేదండీ. మూసేశారు." ఆమె గుడ్డ మళ్లీ కప్పింది. "మా ఆయన ఆఖరిసారి తోలిన లారీకి ఇరుసు కట్టింది ఈయనే."