ఖాళీలున్న క్యాసెట్

ఏ భాషనైనా సొంత భాషలో వినిపించే అనువాద గింజలు అందరి చెవుల్లోనూ చేరాక భాషలు నేర్చుకునేవాళ్లే లేకుండా పోయారు. ఇంట్లోనే భాషలు నేర్పే పాత క్యాసెట్లలో ఏది దాచాలో, ఏది చెత్తబండికెయ్యాలో తేల్చడం వకుళ ఉద్యోగం. తమిళం క్యాసెట్ విన్న తనిఖీ యంత్రం, “సగం ఖాళీ, పారెయ్యండి,” అనేసింది. వకుళకి నమ్మకం కుదరక, గింజ తీసేసి తనే విన్నది. ఒక గొంతు ఒక మాట చెప్పి ఆగుతోంది, మళ్లీ చెప్పి ఆగుతోంది. ఆ ఖాళీ తను పలకడానికేనని తట్టేసరికి ఆమె కుర్చీలోంచి లేచి, ఆ మాట తనూ పలికింది.

క్యాసెట్‌ని దాచే అరలో పెట్టి, సాయంత్రం గింజ లేకుండానే పక్కింటి తమిళావిడ సెల్వి తలుపు కొట్టింది.

“సాప్టీంగళా అక్కా?”

తిన్నారా అని వకుళ తమిళంలోనే అడగడంతో సెల్వి గింజకి అనువదించడానికేమీ దొరకలేదు. ఆవిడ గలగలా తమిళం కుమ్మరించింది. వకుళకి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

“మెల్లగా అక్కా,” అంది నవ్వుతూ. “ఒక్కో మాట చెప్పి ఆగండి, నేనూ అంటాను.”