ఏడో నంబరు కుర్చీ

"హాల్లో గొడుగు తెరవకూడదు తాతా! వెనకవాళ్ళు సినిమా చూడాలా, నీ గొడుగు చూడాలా?"

గేటు దగ్గర టిక్కెట్లు చింపే సబే గట్టిగానే కసిరింది. ముసలాయన తిన్‌పే నవ్వుతూ గొడుగు ముడిచాడు.

బర్మాలో మౌల్మేన్ వానంటే మాటలా? పట్టుకుందంటే ఐదు నెలలు వదలదు. యదనా టాకీసుకు అరవై ఏళ్ళు. రేకుల కప్పు ఇంకా రాయిలా ఉంది గానీ, ఏడో నంబరు కుర్చీ మీద మాత్రం చుక్క చుక్కగా కారుతుంది. ఎన్నిసార్లు తారు పూసినా అంతే.

"ఈ ఏడు ఒక్కరు తడిశామని గొడవ చేసినా హాలు మూసేస్తా," అని యజమాని తేల్చేశాడు.

పాతికేళ్ళుగా సబేకి ఆ హాలే ఇల్లు. ఆ మాట విన్నప్పటి నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు.

ముసలాయన మాత్రం వాన పడిన ప్రతి మధ్యాహ్నం ఏరికోరి ఏడో నంబరే అడిగేవాడు.

"పిచ్చా తాతా? బోలెడు కుర్చీలు ఖాళీగా ఉంటే!"

"అక్కడైతేనే నిద్ర రాదమ్మా. సినిమా మొత్తం చూస్తాను."

సబే కసిరిన మర్నాడు గొడుగు మానేసి ఎనామిల్ గిన్నె తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నాడు. టప్, టప్.

"ఏయ్ ముసలాయనా! అక్కడ హీరోయిన్ ఏడుస్తుంటే మధ్యలో నీ డప్పేమిటి?" పొద్దుతిరుగుడు గింజలు నములుతూ ఎవరో అరిచారు. హాలంతా గొల్లుమంది.

ఆయన గిన్నెలో తువ్వాలు పరిచాడు. చప్పుడు ఆగింది.

ఆ వానాకాలం ఒక్క ఫిర్యాదూ రాలేదు. యజమాని మళ్ళీ మూసివేత ఊసెత్తలేదు. 'ముసలాయన పిచ్చి మనకు కలిసొచ్చింది' అనుకుని సబే హాయిగా ఊపిరి పీల్చుకుంది.

చివరి వానలకు ఆయన రాలేదు. మనవరాలు వచ్చి ఆ గిన్నె సబే చేతిలో పెట్టింది.

"తాతయ్య భిక్షువైపోయారు పిన్నీ. కాషాయం కట్టాక సినిమాలు చూడకూడదుగా. ఇది నీకిమ్మన్నారు."

"అయ్యో, ఒక్క మాటైనా చెప్పలేదే! కసరడమే గానీ ఏనాడూ ఒక టీ అయినా తాగించలేదు నేను."

గిన్నెలో మడత పెట్టిన తువ్వాలు. దాని మడతలో తుప్పు పట్టిన మేకు.

"ఇదేమిటే?"

"చెప్పుకోవడానికి ఇన్నాళ్ళూ సిగ్గుపడ్డారట," పిల్ల నవ్వింది. "ఈ హాలు కప్పు వేసింది తాతయ్యే పిన్నీ. మొదటి ఆటకు గంట కొట్టగానే, సినిమా పిచ్చితో, ఏడో నంబరు మీద ఈ ఒక్క మేకూ కొట్టకుండానే నిచ్చెన దిగి హాల్లోకి పరుగెత్తారట."