తప్పుల తాతయ్య

మొదటి రోజే ఆమె తప్పు తీగ మీటింది.

బేస్ గిటారు మీద తప్పు గుట్టుగా దాగదు. స్పీకరు గుర్రుమంది. కిటికీ అద్దాలు అదిరాయి.

క్లాసులో అందరూ తలలు తిప్పబోయారు.

అంతలో పక్క కుర్చీలోంచి అంతకంటే ఘోరమైన మోత వచ్చింది. తలలన్నీ అటు తిరిగాయి.

"నాదే, నాదే. మన్నించాలి," అన్నాడు బక్కపలచటి ముసలాయన.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

ఆమె కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. యాభైకి దగ్గరపడింది. ఏనాడూ సంగీతం జోలికి పోలేదు. చెవుల డాక్టరు చెప్పిన మాట ఆమెను ఈ క్లాసుకి తెచ్చింది.

"సన్నటి శబ్దాలు ముందు పోతాయమ్మా. పిట్టల కూతలు, గంటల మోతలు. మంద్రంగా ఉండేవి చాలాకాలం నిలుస్తాయి."

బేస్ గిటారుది మంద్రస్వరం. నిలిచేదాన్నే పట్టుకుందామనుకుంది.

వినికిడి తగ్గుతున్న సంగతి భర్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

"మామూలు గిటారుకి ఆరు తీగలు, దీనికి నాలుగేనా? మిగతా రెండూ నేర్చుకున్నాక ఇస్తారా?" అన్నాడాయన.

అని, ఆ బరువైన పెట్టె తనే భుజాన వేసుకుని క్లాసు గుమ్మం దాకా మోశాడు.

అది పెద్దవాళ్ళ క్లాసు. పిల్లలు తప్పు చేస్తే ముద్దు. పెద్దవాళ్ళు తప్పు చేస్తే సిగ్గు. బ్యాంకు మేనేజరు చెమటలు కక్కేవాడు. లెక్కల టీచరు పెదవి కొరుక్కునేది.

ముసలాయన మాత్రం హాయిగా తప్పులు వాయించేవాడు. అందరూ ఆగాక ఆయన తీగ ఒకటి మోగేది. అందరూ పైకి పోతే ఆయన కిందికి దిగేవాడు.

తప్పుల తాతయ్య అని పేరు పడిపోయింది. ఆ పేరు పెట్టి పిలిస్తే పలికేవాడు కూడా.

ఒకరోజు మాస్టారు తాళం యంత్రం పెట్టాడు. అది టిక్కుటిక్కుమని కొడుతోందని అందరి ముఖాలూ చూసి ఆమెకు తెలిసింది. చెవికి మాత్రం ఏమీ అందలేదు.

చెయ్యి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయింది. ఇక రేపటి నుంచి రాకూడదనుకుంది.

"మాస్టారూ! ఆ చీమ నడక నాకేం వినపడటం లేదు. కాస్త కాలితో కొట్టు నాయనా," అన్నాడు తాతయ్య.

మాస్టారు చెక్క నేల మీద బూటుకాలితో కొట్టాడు. తాళం ఆమె పాదాల్లోంచి పైకి పాకింది.

ఆ రోజు ఆమె ఒక్క తప్పూ చెయ్యలేదు. తాతయ్య బోలెడు చేశాడు.

'పాపం, ఈయన కంటే నేను నయం,' అనుకుంది. ఆ ధైర్యంతోనే మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది.

వేళ్ళు బొబ్బలెక్కి, చిట్లి, కాయలు కాశాయి. తీగ మీటితే శబ్దం చెవికి ముందే పక్కటెముకలకు తగిలేది.

గ్రంథాలయం హాల్లో చిన్న ప్రదర్శన అన్నాడు మాస్టారు. ఆమె ఆయన్ని పక్కకి పిలిచింది.

"తాతగారిని నా పక్కన నిలబెట్టకండి. ఆయన తప్పు చేస్తే నాదీ పోతుంది."

మాస్టారు ఏదో అనబోయాడు. వైరు చుట్టుకుంటున్న తాతయ్య తల ఎత్తాడు. విన్నాడని ఆమెకు అర్థమైంది.

"అమ్మాయి చెప్పింది నిజమే. నేను కిందే కూచుంటాను. అందరూ వేదికెక్కితే చప్పట్లెవరు కొడతారు?" అన్నాడు నవ్వుతూ.

ఆ రోజు ఆమె బాగా వాయించింది. ముందు వరుసలో తాతయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. అందరికంటే చివర చప్పట్లు ఆపింది ఆయనే.

క్షమాపణ చెప్పాలనుకుంది. చుట్టూ జనం. వచ్చే క్లాసులో చెబుదాంలే అనుకుంది.

వచ్చే క్లాసుకి ఆయన రాలేదు. నిద్రలోనే పోయాడని మాస్టారు చెప్పాడు.

క్లాసంతా కలిసి ఇంటికి వెళ్ళారు. ఆయన భార్య లోపలి గదిలో కూర్చోబెట్టింది. ఆ గది గోడల నిండా బేస్ గిటార్లే. కొన్ని భుజం పట్టీ ఒరుసుకుని ఒరుసుకుని రంగు పోయాయి.

"ఇవన్నీ ఎవరివండీ?" అంది ఆమె.

"ఆయనవే తల్లీ. జీవితమంతా పాటల రికార్డింగుల్లో వాయించారు. మీ మాస్టారు నేర్చుకున్నదీ ఈ గదిలోనే."

మాస్టారు తల దించుకున్నాడు.

"మరి క్లాసులో అలా..."

"పెద్దవాళ్ళ క్లాసు నిలబడటం లేదని వీడొచ్చి మొత్తుకున్నాడు. నెల తిరక్కుండానే మానేస్తున్నారట. 'ఎవరికి వాళ్ళు తామే అందరికంటే వెనకబడ్డామని సిగ్గుపడిపోతున్నార్రా. ఆ చోట్లో నేను కూచుంటాను' అన్నారు."

ఆమె పెద్దావిడ దగ్గరికి జరిగింది. 

"నేనే ఆయన్ని నా పక్కన వద్దన్నానండీ."

"చెప్పారు. ఇంటికొచ్చి ఎంత మురిసిపోయారో! 'ఆ అమ్మాయికి ఇంక నాతో పని లేదోయ్' అన్నారు."

ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుంది.

"చెయ్యి తిరిగిన మనిషి కదమ్మా, తప్పు వాయించడం ఒక పట్టాన వచ్చేది కాదు. రోజూ పొద్దున్నే ఈ తలుపు వేసుకుని, మీ క్లాసు కోసం తప్పులు సాధన చేసేవారు."